మూడో నెలకే తల్లిపాలు పల్చబడ్డాయా? గేదెపాలు పట్టేముందు ఈ లెక్క చూడండి!

పామర్రు చుట్టుపక్కల ఊళ్లలో గేదె ఈనిందంటే ఇంటిల్లిపాదీ జున్ను కోసం ఎదురుచూస్తారు. మొదటి రెండు మూడు రోజుల పాలతోనే జున్ను బాగా కడుతుంది. వారం దాటాక అదే గేదె పాలు పొయ్యి మీద పెట్టినా జున్ను కట్టవు. కారణం.. మొదటి పాలలో ప్రొటీన్లు చాలా ఎక్కువ. రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. అలాగని తర్వాతి పాలు నాసిరకం అని ఏ పాడి రైతూ అనడు.

కానీ బాలింత దగ్గరికి వచ్చేసరికి మాట మారిపోతుంది. "పాలు నీళ్లలా ఉన్నాయి, బిడ్డకు బలం చాలదు" అంటూ మూడో నెలకే గేదెపాల సీసా చేతికిచ్చే ఇళ్లున్నాయి. మరి ఇందులో నిజమెంత?

నెలనెలా లెక్క ఇదీ..

కాన్పు అయిన తొలి రోజుల్లో వచ్చే ముర్రుపాలలో 100 మిల్లీలీటర్లకు 2 గ్రాములు, అంతకు మించి కూడా ప్రొటీన్ ఉంటుంది. నెల తిరిగేసరికి అది సుమారు 1.2 గ్రాములకు వస్తుంది. మూడు, నాలుగు నెలలకు 1 గ్రాము దగ్గర, ఆరు నెలలకు 0.8 గ్రాముల దగ్గర ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ తల్లి పాలలో మొదట్లో ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

ఎందుకు తగ్గుతుందంటే..

మొదటి రోజు వచ్చేవి కొద్ది చెంచాల పాలే. రెండు మూడు రోజులకు పాలు పడతాయి. నెల తిరిగేసరికి రోజుకు 700 మిల్లీలీటర్ల దాకా వస్తాయి. పాలు పెరిగేకొద్దీ వాటిలో ప్రొటీన్ పల్చబడుతుంది. మరోవైపు బిడ్డ ఎదిగే వేగమూ తగ్గుతుంది. మొదట్లో రోజుకు 25 నుంచి 30 గ్రాములు పెరిగే బిడ్డ, ఆరు నెలల నాటికి అందులో సగమే పెరుగుతుంది. అవసరం తగ్గింది కాబట్టే ప్రొటీన్ తగ్గింది!

రకం కూడా మారుతుంది..

పాలు విరిగితే గడ్డ కట్టేది కేసీన్. తేటలో మిగిలేవి వే ప్రొటీన్లు. ముర్రుపాలలో 80 నుంచి 90 శాతం వే ప్రొటీన్లే. రోగాలతో పోరాడే యాంటీబాడీలు ఉండేది వీటిలోనే. తర్వాత కేసీన్ వాటా పెరిగి 40 శాతానికి చేరుతుంది. అదే గేదెపాలలో 80 శాతం దాకా కేసీనే. మొత్తం ప్రొటీన్ 100 మిల్లీలీటర్లకు దాదాపు 4 గ్రాములు. అంటే మూడో నెల తల్లిపాలకు నాలుగు రెట్లు! అది దూడ ఎదుగుదలకు సరిపోయే లెక్క. పసిబిడ్డ కిడ్నీలకు భారం.

తల్లి తిండి బాగోకపోతే?

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1958 దాకా కూనూరులో ఉండేది. 1950ల్లో డాక్టర్ సి.గోపాలన్ బృందం పేద తల్లుల పాలను పరీక్షించింది. తిండి అంతంతమాత్రమే అయినా పాలలో ప్రొటీన్ పెద్దగా తగ్గలేదని తేలింది. అయితే ఆ భారం మోసేది తల్లి ఒళ్లే. అందుకే బాలింతలకు మొదటి ఆరు నెలలు రోజుకు సుమారు 17 గ్రాముల ప్రొటీన్ అదనంగా కావాలని ఇదే సంస్థ చెబుతోంది. పప్పు, గుడ్డు, చేప, పెరుగు.. పథ్యం పేరుతో వీటిని ఆపేయొద్దు.

అసలు ముప్పు ఇక్కడే..

సీసా అలవాటైతే బిడ్డ రొమ్ము పట్టడం తగ్గిస్తుంది. దాంతో పాలూ తగ్గుతాయి. "చూశారా, పాలు లేవు" అన్న మాట చివరికి నిజమైపోతుంది.

పాలు చాలుతున్నాయో లేదో రంగు, చిక్కదనం చూసి చెప్పలేం. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తోందా? అంగన్‌వాడీలో తూకం వేస్తే నెలనెలా బరువు పెరుగుతోందా? ఈ రెండూ ఉంటే కంగారు అక్కర్లేదు. బరువు పెరగకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. ఆరు నెలలు నిండాక మెత్తటి పప్పన్నం, గుడ్డు మొదలుపెట్టి, రెండేళ్లు, ఆ తర్వాత కూడా తల్లిపాలు కొనసాగించొచ్చు.