పాత నావకు రంగు ఆఖరి పని

యానాం దగ్గర గౌతమిలో తిరిగిన పాత చెక్క నావను మీరే బాగుచేసుకోదలచారా? రంగు డబ్బా అప్పుడే కొనకండి.

నావను ఒడ్డున బోర్లించి, తడి ఆరకముందే పాత రంగు గీకండి. అందులో సీసం ఉండవచ్చు, పొడి లేవకూడదు. పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి. తర్వాత నీడన ఆరబెట్టండి. మండుటెండకు పలకలు బీటలిస్తాయి.

ఇక అసలు పని. మేకు మొనతో అడుగంతా పొడిచి చూడండి. మెత్తగా దిగిందంటే అక్కడ చెక్క పుచ్చినట్టే. కోసి కొత్త ముక్క వేయాల్సిందే. రంగు పూస్తే పుచ్చు కంటికి కనబడదు, అంతే. అది బయటపడేది నడి గోదావరిలో, నావ నిండా మనుషులున్నప్పుడు.

సందుల్లో నూలు దూర్చి, నూనెలో కాచిన గుగ్గిలం పట్టించండి. మరీ బిగించకండి, నీట పడ్డాక చెక్క ఉబ్బుతుంది. ఆపైన అడుగుకు తారు, పక్కలకు మీకు నచ్చిన రంగు.

దింపిన మొదటి రోజు కొంత నీరు ఊరుతుంది, తోడిపోయండి. రెండో రోజుకూ తగ్గకపోతే ఎవరినీ ఎక్కించకుండా మళ్ళీ ఒడ్డుకు లాగండి.