బాల స్కౌట్ల చేతికి తొలి చాకు: ఎంపికలో గమనించవలసిన అంశాలు

శిబిరంలో గుడారం నిలవాలంటే మేకులు కావాలి. దొరికిన కొమ్మను తగిన పొడవుకు కోసి, ఒక కొనను సన్నగా చెక్కి, తాడు జారిపోకుండా పైభాగాన గాడి తీసి నేలలో దిగగొట్టుకోవడం స్కౌటు విద్యలో తొలినాళ్ళ నుంచి ఉన్న పని. పది, పదకొండేళ్ళ స్కౌటుకైనా గైడుకైనా చాకు అవసరపడేది అక్కడే. బళ్ళారి జిల్లాలో ఈ పిల్లల్లో చాలామంది సామాన్య కుటుంబాలవారు. కనుక "చవకైనది ఏది?" అనే ప్రశ్న సహజంగానే మొదట వస్తుంది. అయితే చాకు విషయంలో చవకతనం ఎక్కడ ఫరవాలేదో, ఎక్కడ ప్రమాదమో తెలుసుకోకుండా కొంటే మూల్యం చెల్లించవలసి వచ్చేది పిల్లవాడి వేలు.

బజారులో మొదట కంటికి ఆనేవి రెండు రకాలు. మీట నొక్కగానే తెరుచుకునే బటను చాకు మొదటిది. సినిమాల పుణ్యమా అని రాంపురి పేరుతో ప్రసిద్ధికెక్కిన ఈ రకం చెక్కుడు పనికి తగదు. పైగా పిల్లవాని వద్ద అది కనిపిస్తే ఎవరికైనా అనుమానమే కలుగుతుంది. రెండవది కత్తెర, రంపం, సీసామూత తీసేది, స్క్రూడ్రైవరు అన్నీ ఒకే పిడిలో ఇమిడినది. పిల్లలకు ఇదంటే వల్లమాలిన మోజు. కానీ అన్ని పనిముట్లు ఇమిడిన పిడి లావుగా, అంచులు కోసుకునేలా ఉంటుంది. పావుగంట చెక్కేసరికి లేత అరచేయి బొబ్బలెక్కుతుంది. తొలి చాకుకు ఒకే అలుగు, అంటే ఒకే బ్లేడు, చాలును.

మడత చాకు కొనదలచినవారు అన్నిటికన్నా ముందు చూడవలసినది బిగింపు. సాధారణ చవక చాకులో అలుగును తెరచి ఉంచేది పిడి వెనుకనున్న స్ప్రింగు మాత్రమే. పదును వైపు నుంచి బలం పడినంతసేపు అది చక్కగానే ఉంటుంది. కొన కర్రలో ఇరుక్కున్నప్పుడు, పిల్లవాడు దానిని పెకలించబోయి చాకు వీపు మీద ఒత్తిడి పెడితే మాత్రం అలుగు వెనుకకు మడిచుకుని పిడిని పట్టుకున్న వేళ్ళ మీదనే మూసుకుంటుంది. ఈ దెబ్బ కర్ర పట్టుకున్న చేతికి కాక చాకు పట్టుకున్న చేతికే తగులుతుంది. జాగ్రత్త అంతా రెండవ చేతి మీద పెట్టే కొత్తవారు దీనిని ఊహించరు. తెరచిన తరువాత అలుగు బిగుసుకుని, వేరుగా మీటను కదిపితేనే మూసుకునే చాకులు ఇందుకు మేలు. ఫ్రాన్సుకు చెందిన ఒపినెల్ చాకుకు పిడి మెడ వద్ద ఒక లోహపు ఉంగరం ఉంటుంది. దానిని తిప్పితే అలుగు బిగుసుకుంటుంది. 1955 నాటి ఈ ఏర్పాటు ఎడమచేతివాటం పిల్లలకూ సమానంగా వీలైనది. ఆ కంపెనీ పిల్లల కోసం మొన గుండ్రంగా చేసిన చాకునూ తయారు చేస్తున్నది. అయితే అది మన దేశానికి దిగుమతి అయి వచ్చేసరికి ధర సామాన్యునికి భారమవుతుంది.

దుకాణంలోనే చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. చాకును పూర్తిగా తెరచి, అలుగును పక్కలకు కదిపి చూడాలి. కదలిక ఉంటే వద్దనవచ్చును. పిమ్మట వేళ్ళు అలుగు మడతపడే దారిలో లేకుండా పిడిని రెండు పక్కల నుంచి పట్టుకుని, చాకు వీపును బల్లకు మెల్లగా ఒత్తాలి. మూసుకుపోతే ఆ చాకు ధర ఎంత తక్కువైనా పిల్లవానికి తగదు. ఈ పరీక్ష పెద్దలే చేయాలి.

నిజానికి అన్నిటికన్నా చవకైన, క్షేమకరమైన మార్గం మడత చాకు కానేకాదు. కొయ్య పిడి, మడత లేని చిన్న అలుగు గల కత్తి కూరగాయల కత్తులు అమ్మే చోట తక్కువ ధరకే దొరుకుతుంది. మూసుకుపోయే భయమే దానికి లేదు. అలుగు పొడవు ఆరు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు ఉండి, అంచు తిన్నగా, రంపపు పళ్ళు లేకుండా ఉంటే సరిపోతుంది. పిల్లవాని నాలుగు వేళ్ళూ పిడి మీద ఇమడాలి. మొన మరీ వాడిగా ఉంటే సానరాయి మీద కాస్త గుండ్రంగా అరగదీయించుకోవచ్చు. ఇక కావలసినది ఒర. పాత తోలుతోనో, దళసరి కాన్వాసుతోనో దానిని కుట్టించవచ్చు. "జేబులో పెట్టుకునేది కాదే" అని పిల్లలు చిన్నబుచ్చుకోవచ్చును గాని, స్వీడన్‌లో పిల్లలు చెక్కుడు నేర్చుకునేది కూడా చాలావరకు ఇటువంటి మడత లేని కత్తితోనే.

లోహం సంగతి కొంత చెప్పుకోవాలి. కార్బన్ ఉక్కు సానరాయి మీద సులువుగా పదునెక్కుతుంది. కానీ చెమటకు, నిమ్మ, చింతపండు పులుపుకు మచ్చలుపడి తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కుకు ఆ బెడద తక్కువ. చవక స్టెయిన్‌లెస్ మాత్రం మెత్తనిదై పదును నిలుపుకోదు. బళ్ళారి వంటి పొడి ప్రాంతంలో వాడిన వెంటనే తుడిచి, చుక్క కొబ్బరినూనె రాసే అలవాటుంటే కార్బన్ ఉక్కు వలన ఇబ్బంది లేదు. సండూరు కొండల్లో ఇనుప ఖనిజం, తోరణగల్లులో ఉక్కు కర్మాగారం ఉన్న జిల్లాలో పిల్లవానికి మంచి చిన్న చాకు కోసం బయటి ఊరి సరుకు వెతకవలసి రావడం కొంత వింతే.

చట్టం మాటకు వస్తే, ఇంటి, వ్యవసాయ, పారిశ్రామిక అవసరాలకు కానివై, అలుగు తొమ్మిది అంగుళాల కన్నా పొడవు లేదా రెండు అంగుళాల కన్నా వెడల్పు గల కత్తులను ఆయుధ నిబంధనలు ఆయుధాలుగా వర్గీకరిస్తాయి. మూడంగుళాల చెక్కుడు చాకు అందులోకి రాదు. అంతమాత్రాన దానిని బడిసంచిలో పెట్టి పంపరాదు.

చాకు ఎంత మంచిదైనా కర్ర తగినది కాకపోతే పని సాగదు. సర్కారు తుమ్మను కన్నడంలో "బళ్ళారి జాలి" అనే పిలుస్తారు. ఈ నేలపై ఎక్కడ చూసినా అదే. ఆ కర్ర గట్టిది, ముళ్ళది. దానిని చెక్కబోయి పిల్లలు బలం పెంచుతారు, బలం పెరిగితే చాకు జారుతుంది. ఎండిన చింత, తుమ్మలదీ అదే తీరు. చన్నపట్టణ, ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్రను, కొండపల్లి బొమ్మలకు తెల్ల పొనికిని వాడుతున్నది అవి మెత్తగా, ఒద్దికగా తెగడం వల్లనే. పొరుగున కొప్పళ జిల్లా కిన్నాళ బొమ్మలకూ తేలిక కర్రే వాడతారు. అవి దొరకని చోట బొటనవేలి లావున్న పచ్చి వేపకొమ్మ, లేదా మేకులు తీసివేసిన సామాన్ల పెట్టె పైన్ చెక్క సరిపోతుంది. పచ్చికర్ర ఎండుకర్ర కన్నా ఎంతో సులువుగా తెగుతుంది. గన్నేరు కొమ్మను మాత్రం ముట్టరాదు, అది విషపూరితం. జిల్లేడు పాలు కంటికి తగిలితే హాని.

తొలి పాఠం స్నానపు సబ్బు మీద మొదలుపెట్టడం కొన్ని దేశాల స్కౌట్ల పద్ధతి. సబ్బు తరువాత వేపపుల్ల, ఆ తరువాత కర్రాబిళ్ళ ఆటలోని బిళ్ళ, అంటే రెండు కొనలూ కూచిగా ఉండేది, చివరకు గుడారపు మేకు. చాకు తీసే ముందు పిల్లవాడు చేయి చాచి చుట్టూ తిప్పి చూడాలి. ఆ వలయంలోకి మరొకరు రాకూడదు. కూర్చుని, మోచేతులు మోకాళ్ళకు ఆనించి, కర్రను కాళ్ళ ముందుకు జరిపి, ఒంటికి దూరంగా చెక్కాలి. తొడ మీద పెట్టి చెక్కడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. తొడలోని పెద్ద రక్తనాళం తెగితే ప్రాణాపాయం. కర్ర పట్టిన చేతి బొటనవేలికి పాత సైకిలు ట్యూబు ముక్కను తొడిగితే చిన్న గాట్లు తప్పుతాయి.

మొద్దుబారిన చాకు పిల్లవానికి క్షేమమనుకోవడం పొరపాటు. దానితో చెక్కడానికి బలం ఎక్కువ కావాలి, బలమే జారిపోవడానికి కారణం. చాకుతో పాటు చిన్న సానరాయి కూడా కొనాలి. డబ్బు రెండింటికీ చాలకపోతే చాకు ధర తగ్గించి రాయి కొనడమే ఉత్తమం. ఇరువైపులా సుమారు ఇరవై డిగ్రీల వాలులో రుద్ది, కాగితాన్ని జారుగా కోసి పరీక్షించవచ్చు. ఆరుగురు నుంచి ఎనిమిది మంది ఉండే పెట్రోలుకు తలా ఒక చాకు కొనవలసిన అవసరం లేదు. రెండు చాకులు, ఒక రాయి, ఒక ప్రథమచికిత్స పెట్టె చాలును. ఒకరు చెక్కుతుండగా మిగిలినవారు వలయానికి బయట కూర్చుంటారు. పని ముగియగానే చాకులు తుడిచి, నూనె రాసి, లెక్కపెట్టి స్కౌటు మాస్టరు పెట్టెలోకి చేరాలి.