బెంగపడ్డ కుక్క అన్నం ఎందుకు ముట్టదు?

కూతురి పురుడు కోసం అమెరికా వెళ్లే తల్లిదండ్రులు ఇంటి తాళాలు పక్కింటికి, కుక్కను తెలిసినవాళ్లకు అప్పజెప్పి విమానం ఎక్కుతారు. వాళ్లు అక్కడ దిగేలోపే ఫోన్ వస్తుంది: "మీ వాడు నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదండీ." పెరుగన్నం తినలేదని చికెన్ ఉడికించి పెడతారు. అదీ వద్దంటే గుడ్డు. కుక్క మాత్రం ఒకసారి వాసన చూసి, మూతి తిప్పుకుని, వెళ్లి గుమ్మం దగ్గర పడుకుంటుంది.

అన్ని కుక్కలకూ అంత పెద్ద ప్రయాణం అక్కర్లేదు. యజమాని ఆఫీసుకు వెళ్తూ గిన్నెలో పెట్టిన అన్నం సాయంత్రానికి పైన ఎండి, అట్టకట్టి ఉంటుంది. తాళం తీసిన చప్పుడు వినగానే పరుగెత్తుకొచ్చి, కాళ్లకు అడ్డం పడి, నాలుగు చుట్లు తిరిగి, ఆ ఎండిన అన్నంలోనే మూతి పెట్టి గిన్నె అడుగు దాకా నాకేస్తుంది. అన్నం మారలేదు. మారింది కుక్క ఒంటి స్థితి. దీన్ని మొండితనం అనుకున్నా, నాలుక రుచి మరిగింది అనుకున్నా మనం చేసే పని తప్పుదారి పడుతుంది.

భయానికీ కడుపుకీ ఉన్న ఈ లంకెను 1890ల చివర్లోనే కళ్లతో చూసినవాడు వాల్టర్ కానన్. హార్వర్డ్‌లో వైద్య విద్యార్థిగా ఉంటూ, అప్పుడే కొత్తగా వచ్చిన ఎక్స్‌రేలతో పిల్లి జీర్ణాశయాన్ని గమనించేవాడు. తిండిలో బిస్మత్ లవణం కలిపి పెడితే జీర్ణాశయం ఆకారం తెర మీద తెలుస్తుంది. దాని గోడల మీద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి తిండిని ముందుకు నెట్టడం కనిపించేది. పిల్లి బెదిరి గింజుకున్నప్పుడల్లా ఆ అలలు ఆగిపోయేవి. కుదుటపడ్డాక మళ్లీ మొదలయ్యేవి.

కుక్కలోనూ ఇదే జరుగుతుంది. బెదురు పుట్టగానే అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది, పేగులకు వెళ్లాల్సిన రక్తం కండరాలకు మళ్లుతుంది. మెదడులోని హైపోథాలమస్ విడుదల చేసే ఒక రసాయనం, ఒత్తిడి హార్మోనైన కార్టిసాల్ ఉత్పత్తికి తెర తీయడమే కాకుండా, ఆకలిని కూడా తగ్గిస్తుంది. అలాంటి వేళ ఎంత రుచిగా వండిపెట్టినా తినాలనిపించదు.

ఇంట్లో ఒంటరిగా ఉండటంలో అంత బెదిరిపోవాల్సింది ఏముంది? 1998లో బుడాపెస్ట్ పరిశోధకులు, పసిపిల్లలకు తల్లితో ఉన్న బంధాన్ని పరీక్షించే పద్ధతినే కుక్కల మీద ప్రయోగించారు. యజమాని ఉన్నంతసేపు కొత్త గదిలో ధైర్యంగా తిరిగి ఆడుకున్న కుక్కలు, అతను వెళ్లగానే తలుపు దగ్గర చేరాయి. 2013లో వియన్నా పరిశోధకుల ప్రయోగం మన విషయానికి ఇంకా దగ్గరిది. కదిపితే తిండి రాలే ఒక పరికరాన్ని కుక్కల ముందు పెట్టారు. యజమాని గదిలో ఉంటే అవి ఎక్కువసేపు దాంతో కుస్తీ పట్టాయి. అతను ఉత్సాహపరిచినా, మాట్లాడకుండా కూర్చున్నా తేడా రాలేదు, ఉంటే చాలు. లేనప్పుడు ఆసక్తి తగ్గింది. అతని బదులు ముక్కూమొహం తెలియని మనిషిని కూర్చోబెడితే ఆ లోటు తీరలేదు.

తిండి నింపిన రబ్బరు బొమ్మ ఇచ్చి వెళ్లమనే సలహా అందరూ ఇస్తారు. మామూలు కుక్కకు అది మంచి కాలక్షేపమే. కానీ బెంగపడ్డ కుక్క ముందు అది సాయంత్రం దాకా అలాగే పడి ఉండటానికి కారణం వియన్నా ప్రయోగంలో కనిపిస్తుంది. తేలిగ్గా దొరికే తిండే తినలేని ప్రాణి, కష్టపడి తీసుకోవాల్సిన తిండి జోలికి ఏం వెళ్తుంది?

రోజూ కొన్ని గంటలు మాత్రమే బయటికి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇది: కుక్క ఒంటరిగానే తినాలన్న పట్టు వదిలేయండి. మీరు ఉండగా పొద్దునా సాయంత్రం రెండు పూటలా తింటే, ఎదిగిన ఆరోగ్యమైన కుక్కకు అది చాలు. బయల్దేరే ముందు మాత్రమే చికెన్ కనిపించే ఇంట్లో, కొన్నాళ్లకు ఆ చికెనే యజమాని వెళ్లిపోతున్నాడనే కబురు మోసుకొస్తుంది. అప్పుడు కుక్క దాన్ని చూసి కూడా బెదురుతుంది. అందుకని తిండినీ బయల్దేరడాన్నీ విడదీయండి. తాళంచెవి చేతిలోకి తీసుకుని మళ్లీ కుర్చీలో కూర్చోండి. చెప్పులు వేసుకుని విప్పేయండి. తలుపు అవతల పది సెకన్లు నిలబడి రండి. అది కుదురుగా ఉంటేనే అర నిమిషం, ఆ తర్వాత రెండు నిమిషాలు. వెళ్తూ నేల మీద ఒక చిన్న మెత్తని చికెన్ ముక్క పెట్టి చూడండి. అది బెంగను కొలిచే థర్మామీటరు. తింటే ఆ ఎడబాటు అది తట్టుకోగలిగినంతే. వదిలేస్తే మీరు తొందరపడ్డారు, కాస్త వెనక్కి తగ్గాలి.

నెలల తరబడి ఊరు వెళ్లేవాళ్లు చేయాల్సిన పని ప్రయాణానికి చాలా ముందే మొదలవుతుంది. చూసుకోబోయే మనిషి కొన్ని రోజులు మీ ఇంటికే వచ్చి, మీరు పక్కన ఉండగా అన్నం పెట్టాలి. తర్వాత మీరు వేరే గదిలోకి, ఆ తర్వాత వీధిలోకి తప్పుకోవాలి. గిన్నె, వేళ, పిలుపు ఏవీ మారకూడదు. జీర్ణవ్యవస్థ మీద పరిశోధనకు 1904లో నోబెల్ అందుకున్న పావ్‌లోవ్ కుక్కల్లో చూసింది ఇదే: తిండి కడుపులో పడకముందే, దాన్ని చూసినా వాసన తగిలినా జీర్ణరసాలు ఊరతాయి, తిండి పెట్టే మనిషి అడుగుల చప్పుడుకే నోట్లో లాలాజలం చేరుతుంది. ఎన్నాళ్లుగానో అలవాటైన గిన్నె చప్పుడు కొత్తింట్లోనూ కొంత పని చేస్తుంది.

మీరు కట్టి విడిచిన, ఉతకని నూలు బట్ట ఒకటి దాని పడక మీద వేయండి. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ బర్న్స్ బృందం, ఎమ్మారై యంత్రంలో కదలకుండా పడుకునేలా కుక్కలకు శిక్షణ ఇచ్చింది. తెలిసిన మనిషి ఎదుట లేకపోయినా, ఆ మనిషి వాసన తగిలితే మెదడులో మంచిని ఆశించే భాగం ఎక్కువగా స్పందించిందని 2015లో ప్రచురించింది. ఆ ప్రయోగం తిండి గురించి చేసింది కాదు. అయినా ఖర్చులేని పని, హాని లేనిది.

అన్నం గోరువెచ్చగా ఉంటే వాసన బాగా లేస్తుంది. చూసుకునేవాళ్లు కొంచెం దూరంగా, దానివైపు తేరిపార చూడకుండా కూర్చుంటే మంచిది. నోట్లో కుక్కడం, బతిమాలుతూ గిన్నె పట్టుకుని వెంట తిరగడం బెదురును పెంచుతాయి. ఇరవై నిమిషాల్లో ముట్టకపోతే గిన్నె తీసేసి మళ్లీ పూటకు పెట్టండి. నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పోనీ రుచిగా ఉంటుందని మన కూర కలపొద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి.

బెంగేలే అని ఊరుకోవడమూ ప్రమాదమే. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు ఎక్కువ, వాటి తొలి లక్షణాల్లో ఒకటి తిండి మానేయడం. ఇంటివాళ్లు రాగానే తింటే అది బెంగ. వాళ్లు ఎదురుగా ఉన్నా తినకపోతే జబ్బేమోనని చూపించాలి. బెంగ తీవ్రమైతే మందులూ ఉన్నాయి: అమెరికాలో కుక్కల కోసం క్లోమిప్రమీన్‌కు 1998లో, ఫ్లూక్సెటీన్‌కు 2007లో అనుమతి వచ్చింది. ఫ్లూక్సెటీన్ ఆకలినే తగ్గించవచ్చు, పైగా మోతాదు లెక్క వేరు. కాబట్టి ఇంట్లో మనుషులకు రాసిన మాత్రను విరిచి వేయకండి.

ఎదిగిన కుక్క ఒక రోజంతా ఏమీ తినకపోయినా, నీళ్లు మానేసినా, వాంతులు చేసుకున్నా, నీరసంగా పడిపోయినా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. కుక్కపిల్లలకు, మధుమేహం ఉన్నవాటికి అంత గడువు కూడా ఇవ్వకూడదు. ఈ మాటలు, డాక్టరు ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి చూసుకునేవాళ్లకు ఇచ్చి వెళ్లండి. అన్నిటికంటే ముందు, టికెట్లు తీసుకున్న వారంలోనే వాళ్లను ఇంటికి పిలిచి ఒక పూట అన్నం వాళ్ల చేత్తో పెట్టించండి.