పాత నేరాలు, కొత్త శిక్ష: కొలత దేనిది?

2000లో, పెరోల్‌పై బయట ఉన్న ఒక వ్యక్తి లాస్ ఏంజెలెస్ కౌంటీలోని ఒక గోల్ఫ్ దుకాణం నుంచి మూడు గోల్ఫ్ కర్రలను ప్యాంటులో దాచుకొని బయటికి వచ్చాడు. ఒక్కో కర్ర ధర 399 డాలర్లు. అతనికి పడిన శిక్ష 25 ఏళ్ల నుంచి యావజ్జీవం. అది ఆ కర్రలకా, అంతకుముందు అతను చేసిన దొంగతనాలకూ దోపిడీకీనా? ఈ ప్రశ్నే 'యూయింగ్ వర్సెస్ కాలిఫోర్నియా' కేసుగా అమెరికా సుప్రీంకోర్టుకు చేరింది.

కాలిఫోర్నియా 1994లో తెచ్చిన 'మూడు స్ట్రైకుల' చట్టం ప్రకారం, రెండు తీవ్రమైన లేదా హింసాత్మక నేరాలు చేసినవాడు ఆపైన ఏ ఫెలనీ చేసినా యావజ్జీవానికి అర్హుడే. మూడవది తీవ్రమైనదే కానక్కరలేదు.

పాత నేరాలకు శిక్ష అనుభవించిన వ్యక్తి విషయంలో వాటిని మళ్ళీ లెక్కించడం ఎందుకు? దీనికి రెండు సమాధానాలున్నాయి. హెచ్చరికను పెడచెవిన పెట్టినవాడి దోషం పెద్దదన్నది మొదటిది. అతన్ని సమాజానికి దూరంగా ఉంచడమే క్షేమమన్నది రెండవది. మొదటి వాదంలో శిక్షకు ఇప్పటి నేరమే కొలత. గతం దానిని పెంచుతుందంతే. రెండవ వాదంలో ఆ కొలతే ఉండదు.

క్రూరమైన, అసాధారణమైన శిక్షలను నిషేధించే ఎనిమిదవ రాజ్యాంగ సవరణను కోర్టు ఈ రెండింటి మధ్య ఊగిసలాడుతూనే అన్వయించింది. 1980 నాటి రమ్మెల్ కేసులో, మొత్తం 230 డాలర్లకు మించని మూడు మోసాలకు టెక్సస్ విధించిన యావజ్జీవాన్ని సమర్థించింది. 1983 నాటి హెల్మ్ కేసులో, ఆరు పాత నేరాలున్న వ్యక్తికి 100 డాలర్ల చెల్లని చెక్కుపై సౌత్ డకోటా విధించిన యావజ్జీవాన్ని కొట్టివేసింది. రెండింటికీ కోర్టు చూపిన ప్రధానమైన తేడా, రమ్మెల్‌కు పెరోల్ అవకాశం ఉండడం, హెల్మ్‌కు లేకపోవడం.

2003లో యూయింగ్ శిక్షను కోర్టు 5-4 తేడాతో నిలబెట్టింది. నేర తీవ్రతను తూచేటప్పుడు నేరచరిత్రను కూడా త్రాసులో వేయాలనీ, శిక్షా విధానాన్ని ఎంచుకోవడం శాసనసభల పని అనీ జస్టిస్ ఓకానర్ రాశారు. తీర్పుతో ఏకీభవించిన జస్టిస్ స్కాలియా మాత్రం, అనుపాతమన్న భావన ప్రతీకార శిక్షకే అతుకుతుందనీ, నిర్బంధమే లక్ష్యమైనప్పుడు దానిని అన్వయించడం కష్టమనీ ఎత్తిచూపారు. అదే రోజు, సుమారు 150 డాలర్ల వీడియోటేపుల దొంగతనాలకు పడిన 50 ఏళ్ల నుంచి యావజ్జీవం శిక్ష కూడా 'లాకియర్ వర్సెస్ ఆండ్రాడే' కేసులో నిలిచింది.

కోర్టు చేయని సవరణను ఓటర్లు చేశారు. 2012లో ఆమోదం పొందిన 36వ ప్రతిపాదనతో, కొన్ని మినహాయింపులు పోను, మూడవ నేరం కూడా తీవ్రమైనదో హింసాత్మకమైనదో అయితేనే యావజ్జీవం. కాకుంటే ఆ నేరానికుండే శిక్షకు రెట్టింపు. పాత చట్టం కింద ఖైదులో ఉన్నవారిలో అర్హులకు శిక్ష తగ్గింపు కోరే వీలు కూడా దక్కింది.

ఈ రెట్టింపు సూత్రం గతాన్ని తుడిచివేయదు. అయితే రెట్టింపు చేయాలంటే ముందు ఇప్పటి నేరానికి తగిన శిక్ష ఎంతో తేల్చవలసిందే. 1994 నాటి చట్టంలో మూడవ నేరం విషయంలో లోపించింది ఆ మొదటి మెట్టే.