కంప్యూటరు క్రీడాసంస్థ: దాని పుట్టుక, పెంపు

పల్నాటి సీమలో పోటీ అనగానే పందెము జ్ఞప్తికి వచ్చుట సహజము. పన్నెండవ శతాబ్దిలో గురజాల, మాచర్ల పక్షముల నడుమ జరిగిన కోడిపోరును, ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడువవలెనను నియమమును, తుదకు కారెంపూడి రణమును గూర్చి వినని వారు మాలో అరుదు. నేడు నరసరావుపేట మొదలు మాచర్ల వరకు పిల్లలు సెల్‌ఫోనులలో ఆడు ఆటలను చూచి పెద్దలు కలవరపడుటకు ఈ పందెపు భయమే ముఖ్యకారణము. ఆ భయము నిరాధారము కాదు. అయినను ఆటను పందెము నుండి వేరుచేసి, జీతముగల వృత్తిగా మలచిన సంస్థలును లోకమున ఏర్పడినవి. వీనిని ఈస్పోర్ట్స్ సంస్థలందురు. మన తెలుగు యువకుడొకడు ఆడిన జెన్‌జీ అను కొరియా సంస్థ చరిత్రను పరిశీలించినచో, ఆటకును పందెమునకును గల భేదము తేటపడును.

1997 నాటి ఆర్థిక సంక్షోభము తరువాత దక్షిణ కొరియా దేశము వేగవంతమగు ఇంటర్నెట్టు సౌకర్యమును విరివిగా కల్పించుకొనెను. కొద్ది రుసుమునకు గంటల లెక్కన కంప్యూటరు నిచ్చు 'పీసీ బాంగు'లు వీధివీధిన వెలసెను. మన పట్టణములలో ఒకప్పుడు నిండుగా నడిచిన ఇంటర్నెట్టు సెంటర్ల వంటివే ఇవి. అచట యువకులు 'స్టార్‌క్రాఫ్ట్' అను వ్యూహప్రధానమగు ఆటలో ఆరితేరిరి. 2000 సంవత్సరమున ఆటలకే ప్రత్యేకించిన టెలివిజన్ ప్రసారము ఆరంభమయ్యెను. ఆటగాండ్ర వ్యవహారములు చూచుటకు జాతీయసంఘమును ఆ యేడే ఏర్పడెను. శామ్‌సంగ్ వంటి కంపెనీలు జట్లను పోషింపసాగెను. 2004లో బూసాన్ సముద్రతీరమున జరిగిన అంతిమపోటీకి సుమారు లక్షమంది వచ్చిరని నాడు లెక్కించిరి. ఆడుటకు చోటు, చూపుటకు ప్రసారము, భరించుటకు పోషకుడు, ఈ మూడును సమకూడుటచే ఆట వృత్తియయ్యెను.

కాని పందెపురాయుళ్లు అచటను ఊరకుండలేదు. 2010లో కొందరు ఆటగాండ్రు సొమ్ము పుచ్చుకొని కావలెనని ఓడిన సంగతి బయటపడగా, సంఘము 11 మందిని శాశ్వతముగా బహిష్కరించెను. ప్రేక్షకుల నమ్మకము సడలినచో ఆటగాడు, పోషకుడు, ప్రసారము అన్నియు కూలునని ఆ దేశము గ్రహించెను.

జెన్‌జీ సంస్థ 2017లో కేఎస్‌వీ అను పేరుతో పుట్టెను. ఆ యేడు నవంబరులో శామ్‌సంగ్ జట్టు 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' ఆటలో బీజింగు నగరమున ప్రపంచవిజేత కాగా, కొద్దికాలమునకే ఆ జట్టును కేఎస్‌వీ కొనెను. 2018లో జెన్‌జీ అను పేరు దాల్చెను. ఆ సంవత్సరమే సొంతదేశమున జరిగిన ప్రపంచపోటీలలో తొలిదశయందే ఓడిపోయెను. కోడిపోరు నియమమైనచో అంతటితో రాజ్యము పోవలసినదే! కాని సంస్థ ఒక్క పోటీపై ఆధారపడియుండలేదు. 2019లో 4.6 కోట్ల డాలర్ల పెట్టుబడి సమకూర్చుకొని, సియోలులో పాఠశాల చదువుతో కూడిన శిక్షణాలయమును నెలకొల్పెను. 2022 వేసవి నుండి 2024 వసంతము వరకు కొరియా లీగును వరుసగా నాలుగు మారులు గెలిచెను. 2024లో చెంగ్డూ నగరమునను, 2025లో వాంకూవరునను జరిగిన మిడ్ సీజన్ అంతర్జాతీయ పోటీలలోను విజయము దానిదే.

ఇట్టి సంస్థకు ఆదాయము ప్రకటనలవలన, లీగులో వాటావలన, బహుమతులవలన, జట్టుపేరిట అమ్ము వస్తువులవలన వచ్చును. ఆటగాడు ఒడంబడిక వ్రాసికొని జీతము పొందును. శిక్షకుడు వెంటనుండును. ఓడినను ఆటగాని యిల్లు తాకట్టు పడదు, ఏలనన అతడు ఒడ్డినది సొమ్ము కాదు. అతడు వెచ్చించునది సాధనయు, వయస్సును. వయస్సు తిరిగిరానిది గనుక, శిక్షణతోపాటు చదువును సాగుట అవసరము.

ఇక మన తెలుగువాని సంగతి. వరంగల్లున 2003లో జన్మించిన అర్జున్ ఎరిగైసి 2018లో చదరంగ గ్రాండ్‌మాస్టరయ్యెను. 2024 డిసెంబరులో 2800 రేటింగు దాటి, విశ్వనాథన్ ఆనంద్ తరువాత ఆ ఘనత పొందిన రెండవ భారతీయుడయ్యెను. 2025లో రియాద్ నగరమున ఈస్పోర్ట్స్ ప్రపంచకప్పులో చదరంగమును తొలిసారి చేర్చగా, జెన్‌జీ సంస్థ ఆయనను తన పక్షమున ఆడించెను. పదునార్గురు ఆటగాండ్రు కంప్యూటరు తెరలపై పదేసి నిమిషముల ఆటలాడిరి. టీమ్ లిక్విడ్ పక్షమున ఆడిన కార్ల్‌సన్ ప్రథముడు కాగా, అర్జున్ నాలుగవ స్థానము పొందెను. మా పొరుగున గుంటూరు నుండి 2001లో గ్రాండ్‌మాస్టరైన పెండ్యాల హరికృష్ణకు ఆనాడు ఇట్టి సంస్థల ఆదరువు లేదు.

చదరంగము ఎవరి సొత్తును కాదు. కంప్యూటరు ఆటలన్ననో వానిని తయారుచేసిన కంపెనీల సొత్తు. 2020 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము పబ్‌జీ ఆటను నిషేధింపగా, దానినే నమ్ముకొనిన జట్లకు ఆడుటకు ఆటయే లేకపోయెను. ఆ నెలలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రమ్మీ, పోకరు వంటి ఆన్‌లైను పందెములను నిషేధించెను. ఈ రెంటికిని గల భేదము తరువాత చట్టమున స్పష్టమయ్యెను. 2022 డిసెంబరులో ఈస్పోర్ట్స్ కేంద్ర క్రీడామంత్రిత్వశాఖ పరిధిలోనికి వచ్చెను. 2025 ఆగస్టు నాటి చట్టము డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించి, ఈస్పోర్ట్స్‌ను క్రీడగా వేరుపరచి గుర్తించెను.

ఈ వృత్తియందు నిలువగలవారు మిక్కిలి కొలదిమంది. కావున మేము దీనిని మన యువకులకు బంగారుబాటగా చూపుట లేదు. ఇంట పిల్లవాడు ఫోను పట్టినప్పుడు ఎంతసేపు ఆడుచున్నాడో గమనించుటతోపాటు, అందులో ఎవరి సొమ్ము ఒడ్డబడుచున్నదో పెద్దలు విచారింపవలెను. అతని సొమ్మైనచో వెంటనే మాన్పింపవలెను. సంస్థయేదైన పిలిచినచో ఒడంబడికను చదివించుకొని, చదువు సాగు ఏర్పాటు ఉన్నదో లేదో అడిగి, అటుపిమ్మట నిర్ణయించుట మేలు.