‘ఏమీ లేదు’ అంటే సరిపోతుందా?

ఐదేళ్ళ క్రిందటి మాట. శ్రావణ శుక్రవారం, పక్కవీధి వదినగారింట్లో పేరంటం. పదిహేనుమందిమి దాకా కూర్చున్నాం. ఆవిడ నా కాళ్ళకు పసుపు రాస్తుండగా ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది. ముచ్చెమటలు పోశాయి. ఊపిరి అందలేదు. చేతివేళ్ళు తిమ్మిరెక్కి కొంకర్లు పోయాయి. పక్కనున్నవాళ్ళ మాటలు నూతిలోంచి వినిపిస్తున్నట్టున్నాయి. ‘అయిపోయింది, ఇక్కడే పోతున్నాను’ అనుకున్నాను. స్కూలు నుంచి పిల్లలొచ్చే వేళయిందే, తాళం నా దగ్గరే ఉండిపోయిందే అన్న ఆలోచన కూడా వచ్చింది!

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇ.సి.జి. తీశారు, రక్తం పరీక్షించారు. అప్పటికే దడ తగ్గిపోయింది. “ఏమీ లేదమ్మా, గుండె బ్రహ్మాండంగా ఉంది. ఊరికే టెన్షన్ పడకండి” అని పంపించేశారు డాక్టరుగారు.

ఆ ‘ఏమీ లేదు’ అన్న మాటకు ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో అర్థం తీసుకున్నారు. మావారు గ్యాస్ ట్రబుల్ అన్నారు. మా అత్తగారు ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశారు. ‘పండగ పనులు తప్పించుకోవడానికి బాగానే ఉంది’ అని బంధువులొకరు అన్నట్టు నా చెవిన పడింది. నిజం చెప్పొద్దూ, అందరికంటే ఎక్కువ అనుమానపడింది నేనే. ఏమీ లేనిదానికి ప్రాణం పోయేంత భయమెందుకేసింది? నాకు మతి చెడుతోందా?

నెల తిరక్కుండా బస్సులో మళ్ళీ అదే. ఆ తర్వాత ఓ రాత్రి నిద్రలోంచి లేపి మరీ వచ్చింది. ఆ మూడోసారి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ, చిన్నపిల్ల, నా మంచం పక్కన కూర్చుని, “గుండెలో ఏమీ లేదమ్మా. అంతేగాని మీకేమీ లేదని కాదు. దీన్ని పానిక్ అటాక్ అంటారు. దీనికి వైద్యం ఉంది” అంది. జబ్బు పేరు విని అంత సంతోషించినదాన్ని బహుశా నేనొక్కదాన్నేనేమో!

అసలేం జరుగుతుందంటే... పెరట్లో మీ కాళ్ళ దగ్గర పాము కనిపించిందనుకోండి. ఆలోచించేలోపే గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి జోరందుకుంటుంది, చెమట పడుతుంది. పారిపోవడానికి ఒంటిని సిద్ధం చేసే ఎడ్రినలిన్ అనే రసాయనం పని అది. పానిక్ అటాక్‌లో పాము ఉండదు, మిగతావన్నీ ఉంటాయి. అవసరానికి మించి గబగబా ఊపిరి తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్ళ తిమ్మిర్లూ, కొంకర్లూ, కళ్ళు తిరగడమూ అందువల్లే. ‘ఇదేదో గుండెపోటే’ అని మనసు హడలిపోతుంది. ఆ హడలుకి గుండె ఇంకా కొట్టుకుంటుంది. దాన్ని చూసి మళ్ళీ హడలు. ఈ గానుగ తిరుగుడిని డేవిడ్ క్లార్క్ అనే ఇంగ్లండు మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో వివరించారు. అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పట్టికలో దీనికి విడిగా పేరు చేరింది 1980లోనే. మా అమ్మమ్మ ‘గుండెదడ మనిషి’ అనిపించుకుని ఏళ్ళతరబడి గుమ్మం దాటలేదు. పాపం, ఆవిడకూ ఇదేనేమో అని ఇప్పుడనిపిస్తుంది.

ఇది సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆ తర్వాత దిగిపోతుంది. కుక్కర్లో పప్పు ఉడికేంతసేపు. పడేవాళ్ళకు మాత్రం యుగంలా ఉంటుంది.

అలాగని మొదటిసారి దడ రాగానే ‘ఇది పానిక్కేలే’ అని ఇంట్లోనే తేల్చేసుకోకండి. ఛాతీలో బరువు, దవడకో వీపుకో చేతికో పాకే నొప్పి, వాంతి, చల్లటి చెమట ఉంటే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. ఆడవాళ్ళలో గుండెపోటు ఒక్కోసారి ఒట్టి ఆయాసంగా, నీరసంగా కూడా వస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ ఉంటుంది. అవీ చూపించుకోవాలి. చిక్కటి కాఫీ రోజుకు నాలుగుసార్లు తాగే నాలాంటివాళ్ళు అదీ తగ్గించుకోవాలి!

ఒకసారి వచ్చి పోతే అది జబ్బు కాదు. మళ్ళీ మళ్ళీ వస్తూ, ఇంకా వస్తుందేమోనని నెలో అంతకంటే ఎక్కువో భయపడుతున్నా, ఆ భయంతో పనులూ ప్రయాణాలూ మానుకుంటున్నా అది జబ్బు. నేను చేసింది సరిగ్గా అదే. మొదట బస్సు మానేశాను. తర్వాత గుడిలో క్యూ. ఆపైన పెళ్ళిళ్ళు. వెళ్ళినా తలుపు పక్కనే కూర్చునేదాన్ని, సంచిలో మంచినీళ్ళ సీసా, పక్కన మా అమ్మాయి. మా చెల్లెలి కొడుకు ఉపనయనానికి కూడా వెళ్ళలేదు. వెళ్ళనందుకు ఆ పూటకు ప్రాణం హాయిగా ఉండేది. ఆ హాయే నా కొంప ముంచిందని తర్వాత తెలిసింది. తప్పించుకున్న ప్రతిసారీ భయానికి బలమిచ్చినట్టే.

మానసిక వైద్యుల దగ్గరకు వెళ్ళమని డాక్టరమ్మ చీటీ రాసిస్తే రెండు నెలలు బీరువాలో దాచాను. సినిమాల్లో ఎర్రగడ్డ జోకులకు మనమూ నవ్వినవాళ్ళమేగా! చివరికి వెళ్తే ఆ గదిలో నాలాంటి గృహిణులే నలుగురున్నారు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఇది దాదాపు రెట్టింపు ఉంటుందట.

వైద్యం రెండు రకాలు. ఒకటి మాటలతో, చేతలతో. సి.బి.టి. అంటారు. నాచేత గబగబా మెట్లెక్కించి, గుండె వేగంగా కొట్టుకున్నా ఏమీ కాదని నాకే తెలిసేలా చేశారు. బస్సు కూడా అంతే. మొదటివారం ఒక్క స్టాపు, తర్వాత రెండు, తర్వాత మా అమ్మాయి లేకుండా. రెండోది మందులు. నాకిచ్చింది ఎస్సిటలోప్రామ్. ఇలాంటివి పనిచేయడం మొదలెట్టడానికే కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో వికారంగా ఉంటుంది. అలాగని మధ్యలో మానెయ్యకూడదు, బాగుందని ఒక్కసారిగా ఆపనూకూడదు. మరో మాట. ఆల్ప్రజోలామ్ లాంటి బిళ్ళలు అప్పటికప్పుడు హాయినిస్తాయి, కాని రోజూ వేసుకుంటే అలవాటైపోతాయి. మనవాళ్ళు పక్కింటివాళ్ళకు కుంకుమ పంచినట్టు మాత్రలూ పంచుతారు. పుచ్చుకోకండి.

వచ్చినప్పుడు పరుగెత్తకుండా ఉన్నచోటే కూర్చుని, ఊపిరి నిదానంగా, తీసినదానికంటే ఎక్కువసేపు వదలాలి. కాగితం సంచిలో ఊపిరి పీల్చమనే పాత చిట్కా ఇప్పుడు వద్దంటున్నారు. ఉబ్బసమో గుండెజబ్బో అయితే అది ప్రమాదం. ఇంట్లోవాళ్ళు చుట్టూ మూగి ముఖాన నీళ్ళు కొట్టక్కర్లేదు. మా అత్తగారికి ఇదంతా చెప్పాక ఆవిడ దిష్టి తీయడం మాత్రం మానలేదు, కాని నా చెయ్యి పట్టుకుని “వచ్చింది, దాని దారిన పోతుందిలే” అంటూ కూర్చునేవారు. అంతకంటే మంచి సాయం ఎవరూ చేయలేదు నాకు.

డాక్టరు దగ్గరకు వెళ్ళడానికి మొహమాటమైతే ముందు 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అని, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎవరి భయం వాళ్ళ భాషలోనే కదా చెప్పుకోగలిగేది!

పోయిన శ్రావణంలో అదే వదినగారింటికి పేరంటానికి వెళ్ళాను. ఈసారి గది మధ్యలో కూర్చున్నాను. పసుపు రాయించుకుంటుంటే మళ్ళీ వచ్చింది. లేచి వెళ్ళిపోవాలని కాళ్ళు లాగాయి. లేవలేదు.

“ఏం వదినగారూ, అలా చెమటలు పడుతున్నాయి?” అన్నారావిడ.

“వచ్చిందండీ. కాసేపట్లో పోతుంది, మీరు రాయండి” అన్నాను.

రెండో పాదానికి పసుపు రాయడం అయ్యేసరికి వేళ్ళ తిమ్మిరి తగ్గింది. తాంబూలం, నానబెట్టిన శనగలు కొంగులో మూటకట్టుకుని నడిచే ఇంటికొచ్చాను.