పడకా? నడకా?

మన ఇళ్ళలో పెద్దవాళ్ళను ఒకసారి కదిలించి చూడండి. మేడలు కావాలనీ, మాన్యాలు కావాలనీ ఎవరూ అనరు. "కాలూ చెయ్యీ ఆడుతూండగానే వెళ్ళిపోతే చాలు నాయనా!" అంటారు. ఆ మాటలో చావును గురించిన భయంకన్న మంచాన పడతామేమోనన్న భయమే ఎక్కువ.

మా నాన్నగారూ ఆ మాటే అనేవారు. రెండేళ్ళ క్రితం, 76వ యేట, ఆయనకు న్యుమోనియా వచ్చింది. ఆటో దిగి, నా భుజంమీద చెయ్యి అయినా వెయ్యకుండా, ఆసుపత్రి మెట్లు తానే ఎక్కారు. తొమ్మిది రోజులు అక్కడ వున్నాం. మందులు పనిచేశాయి. జ్వరం దిగింది, ఆయాసం తగ్గింది. పదవ రోజున డాక్టరుగారు "ఇక ఇంటికి తీసుకువెళ్ళవచ్చు మాస్టారూ" అన్నారు. తీరా మంచం దిగబోతే నాన్నగారి మోకాళ్ళు నిలవలేదు. నడిచి వెళ్ళిన మనిషిని చక్రాల కుర్చీలో ఇంటికి తెచ్చుకున్నాం.

ఎవరిని తప్పు పట్టను? ఆయన లేవబోయినప్పుడల్లా నర్సమ్మ "దిగకండి తాతగారూ, పడిపోతారు" అనేది. పాపం, ఆమె ఒక్కతే ఇరవై మంచాలు చూసుకోవాలి. నేనేం తక్కువ తిన్నానా? "కాస్త పడుకోండి నాన్నగారూ" అంటూ దుప్పటి కప్పినవాణ్ణి నేనే. మంచం కాళ్ళదగ్గర వేలాడే కాగితంలో జ్వరం, నాడి, రక్తపుపోటు, ఆఖరికి మూత్రం కొలత కూడా పూటపూటకూ రాశారు. ఆయన ఎన్ని అడుగులు వేశారో రాసే గడి మాత్రం ఆ కాగితంలో లేదు.

ఆ గడిని పూరించే ప్రయత్నాలు ప్రపంచంలో కొన్నేళ్ళుగా జరుగుతున్నాయి. ఆ సంగతులు చెప్పాలనే ఈ వ్యాసం.

మంచం చేసే చెరుపు

లంఖణం పరమౌషధమన్నట్టే, రోగికి విశ్రాంతి పరమౌషధమని మన నమ్మకం. రిచర్డ్ ఆషర్ అనే ఇంగ్లీషు డాక్టరు 1947లోనే ఈ నమ్మకాన్ని ఎదిరించాడు. మంచమెక్కడంవల్ల వచ్చే ప్రమాదాలను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశాడు. కదలక పడుకున్నవాడికి రక్తనాళాలలో గడ్డలు కట్టవచ్చు, వీపుమీద పుండ్లు పడవచ్చు, కండలు కరగవచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు అని ఏకరువు పెట్టాడు.

కండ ఎంత కరుగుతుంది? అమెరికాలో కొందరు ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళను పది రోజులు మంచంమీదనే వుంచి పరీక్షించారు. వారి సగటు వయస్సు 67. ఆ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. పదే పది రోజులలో వారి కాళ్ళలోనుంచి సుమారు 1 కిలో కండ తరిగిపోయింది! ఏ రోగమూ లేనివారి గతే ఇది. ఇక జ్వరంతో, సరిగ్గా తిండి తినక పడుకున్నవారి సంగతి వేరే చెప్పాలా?

మనం "ఫలానా ఆయన మంచం పట్టాడు" అంటాం. ఆసుపత్రిలో చాలాసార్లు మంచమే మనిషిని పడుతుంది.

తొడకొకటి, చీలమండకొకటి

రోగి ఎంతసేపు పడుకున్నాడో, ఎంతసేపు నడిచాడో తెలిసేదెట్లా? రోగిని అడిగితే "అప్పుడప్పుడూ తిరుగుతూనే వున్నాను" అంటాడు. నర్సును అడిగితే తాను చూసిన వేళ సంగతే చెప్పగలదు. రాత్రింబవళ్ళు వెంట వుండే సాక్షి కావాలి.

అమెరికాలో ఆలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరంలో సింథియా బ్రౌన్ అనే డాక్టరమ్మ, ఆమె సహచరులు అటువంటి సాక్షినే నియమించారు. ఆసుపత్రిలో చేరిన 45 మంది మాజీ సైనికులకు, అంతా 65 దాటినవారే, చిన్న సెన్సరులు కట్టారు. ఒకటి తొడకు, ఒకటి చీలమండకు. రెండెందుకంటారా? తొడ అడ్డంగా వుంటే మనిషి పడుకునైనా వుండవచ్చు, కూర్చునైనా వుండవచ్చు. అప్పుడు పిక్క నిలువుగా వుందంటే కూర్చున్నట్టు. అదీ అడ్డంగానే వుంటే పడుకున్నట్టు. రెండూ నిలువుగా వుంటే నిలబడ్డట్టు.

2009లో ప్రకటించిన ఫలితం చూసి వైద్యలోకం ఉలిక్కిపడింది. వాళ్ళంతా ఆసుపత్రికి రాకముందు నడవగలిగినవారే. అయినా అక్కడ గడిపిన కాలంలో సగటున నూటికి 83 పాళ్ళు పడకమీదనే గడిచింది. నిలబడడానికీ, నడవడానికీ కలిపి రోజుకు 43 నిమిషాలు. ఆ లెక్క చదివినప్పుడు నాకు మా నాన్నగారి తొమ్మిది రోజులూ కళ్ళముందు కదిలాయి.

నడక ఏమేమి చెబుతుంది?

నడకను యంత్రంతో కొలవడం ఇవాళ్టి ఆలోచన కాదు. ఫ్రాన్సులో ఎటియెన్ మారే అనే శాస్త్రజ్ఞుడు బూటు అడుగున గాలి అరను అమర్చి, రబ్బరు గొట్టం ద్వారా ప్రతి అడుగు ఒత్తిడినీ కాగితంమీద గీతగా గీయించాడు. 1873లో అచ్చయిన తన గ్రంథంలో ఆ విధానం వివరించాడు. ఇప్పటి సెన్సరు తూకం కొన్ని గ్రాములే. అందులో కంటికానని సిలికాన్ ముక్క ఒకటి స్ప్రింగులమీద వేలాడుతూ వుంటుంది. మనిషి కదిలితే అదీ ఊగుతుంది. ఆ ఊపు విద్యుత్ సంకేతంగా మారుతుంది. సెకనుకు అనేకసార్లు ఈ లెక్క నమోదవుతుంది. ఒళ్ళు తిరిగిన వేగాన్ని కొలిచే గైరోస్కోపు కూడా తోడుంటే, వార్డు మలుపులో రోగి తడబడ్డ సంగతి సైతం తెలుస్తుంది.

అడుగుల సంఖ్యే కాదు, వాటి తీరు కూడా విలువైనదే. అడుగుకూ అడుగుకూ మధ్య కాలం ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వుండేవారు పడిపోయే అవకాశం ఎక్కువని హౌస్‌డార్ఫ్, ఆయన సహచరులు 2001లో చూపారు. వేగం మరీ ముఖ్యం. 65 దాటిన 34,485 మంది వివరాలను కూర్చి 2011లో ప్రకటించిన పరిశోధనలో, నడక వేగానికీ ఆయుర్దాయానికీ సంబంధం స్పష్టంగా కనిపించింది. అందుకే నడక వేగాన్ని కూడా నాడి, జ్వరం సరసన చేర్చాలనే వైద్యులున్నారు.

డాక్టరుగారి ఎదుట నడిచే నడక వేరు, అర్ధరాత్రి స్నానాలగదికి పోయే నడక వేరు. పరీక్షకుడు చూస్తున్నాడంటే మా విద్యార్థులు కూడా బుద్ధిగానే కూర్చుంటారు! ఎవరూ చూడనప్పటి నడకను చూడడమే సెన్సరు గొప్ప.

అలా అని అది సర్వజ్ఞురాలు కాదు. కాళ్ళీడుస్తూ మెల్లగా నడిచేవారి అడుగులను ఒక్కొక్కప్పుడు లెక్కలోంచి జారవిడుస్తుంది. ముంజేతికి కట్టినదైతే, నాలుగు కాళ్ళ ఊతకర్ర పట్టుకుని నడిచేవారి చెయ్యి ఊగదు గనుక, మరీ మోసపోతుంది. సరిగ్గా ఇటువంటివారి సంగతే మనకు తెలియవలసింది! అందుకే తుంటి విరిగినవారు, పార్కిన్సన్ జబ్బున్నవారు మొదలైన వారి నడకను నమ్మకంగా కొలిచే పద్ధతులకోసం 2019లో ఐరోపాలో మొబిలైజ్-డి అనే పెద్ద పరిశోధన ప్రారంభించారు.

మరొక మాట. యంత్రం లెక్క చెబుతుందే గాని, చెయ్యి పట్టుకుని లేవదీయదు. అందుకు మనిషే కావాలి.

మా నాన్నగారిని లేవదీయడానికి వ్యాయామ చికిత్స చేసే కుర్రవాడు మూడు నెలలు వచ్చాడు. సెన్సరు మాకు లేదు. వరండాలో సుద్దతో 4 మీటర్ల దూరాన రెండు గీతలు గీశాను. ఆ దూరం 5 సెకన్లలో నడిస్తే సెకనుకు 0.8 మీటరు వేగం. పెద్దవారిలో అది మధ్యస్థమైన ఆయుర్దాయాన్ని సూచించే వేగమని ఆ 2011 పరిశోధనే చెబుతోంది. అంతకన్న ఆలస్యమైతే బెంగపడమని కాదు. మనిషిని నిన్నటి తనతోనే పోల్చుకోవాలి. నాన్నగారికి మొదటి వారం 11 సెకన్లు పట్టింది. ఇప్పుడు 7.

పెద్దవాళ్ళను ఆసుపత్రిలో చేర్చవలసివస్తే డాక్టరుగారిని ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగండి: "ఇవాళ వీరిని ఎంతసేపు నడిపించవచ్చు?" వద్దంటే మానండి, సరేనంటే చెయ్యి అందించండి. ఆ ప్రశ్న అడగడం నాకు ఆనాడు తోచలేదు.

రోజూ పొద్దున్నే కాఫీ తాగి నాన్నగారు కర్ర పుచ్చుకుని మొదటి గీతదగ్గర నిలబడతారు. గడియారం చూడమని నాకు సైగ చేస్తారు. రెండో గీత దాటగానే అడుగుతారు: "ఎంతరా ఇవాళ?"